సొంత విద్యుదుత్పత్తి (భారత పరిశ్రమలు)

ఒక పరిశ్రమ ప్రధానంగా తన అవసరాల కోసం తానే కరెంటు తయారుచేసుకోవడం సొంత విద్యుదుత్పత్తి. వాడుకలో దీన్ని క్యాప్టివ్ పవర్ ప్లాంటు అంటారు. మన దేశంలో దీని చరిత్రను మెగావాట్ల లెక్కలో చెప్పడం అలవాటు. స్థాపిత సామర్థ్యం 70 వేల మెగావాట్లు దాటిందంటే ఘనంగానే వినిపిస్తుంది. కానీ ఏడాది మొత్తం మీద వాటి నుంచి వచ్చే కరెంటు, రావలసినదాంట్లో సుమారు మూడో వంతు. వీటిలో చాలా భాగం కోతలకు జడిసి కట్టుకున్నవి. డీజిల్ జనరేటర్లయితే కరెంటు పోయిన పూట తప్ప తిరగవు. కాబట్టి ఈ చరిత్రలో అసలు చూడవలసింది ఉన్న ప్లాంటు ఎక్కడ, ఎందుకు మెరుగ్గా పనికొచ్చిందన్నది. ఫ్యాక్టరీ ఎలాగూ వాడే ఆవిరినో, ఎలాగూ వదిలేసే వేడినో కరెంటుతో ముడిపెట్టినచోట, ఆపైన మిగులును అమ్ముకునే దారి ఉన్నచోట అది జరిగింది.

ఈ ముడి కొత్తదేమీ కాదు. 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ కట్టిన కేంద్రం కరెంటుతోపాటు చుట్టుపక్కల భవనాలకు ఆవిరిని కూడా అమ్మింది. తర్వాత పెద్ద కేంద్రాలు, పొడవాటి లైన్లు వచ్చి చవక కరెంటు దొరకడంతో ఆవిరి అవసరం లేని పరిశ్రమలు సొంత ఉత్పత్తిని వదిలేశాయి. చక్కెర, కాగితం మిల్లులు మాత్రం వదల్లేదు, వాటికి ఆవిరి లేనిదే పని జరగదు. మన దగ్గర 1948 విద్యుత్ సరఫరా చట్టం ప్రకారం సొంత కేంద్రం కట్టాలంటే విద్యుత్ బోర్డు సమ్మతి కావలసి ఉండేది. ఆ అడ్డు తీసేసింది 2003 విద్యుత్ చట్టం. సొంత ప్లాంటుగా లెక్కించడానికి వాడుకునేవారికి కనీసం 26 శాతం వాటా, 51 శాతం వాడకం ఉంటే చాలని 2005 నిబంధనలు అన్నాయి. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే మరో దారి చూపింది. 1988లో ఏర్పడిన సంస్థ ఒకటి గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలో గ్యాస్ కేంద్రం కట్టి, వాటాలు కొన్న పరిశ్రమలకు వాటాను బట్టి కరెంటు ఇచ్చింది. అయితే ఆ కరెంటు ఫ్యాక్టరీ ఆవరణలో పుట్టింది కాదు గనుక, వేడిని వాడుకునే లాభం వాటికి దక్కలేదు.

వేడిని వాడుకుంటే వచ్చే తేడా చక్కెర మిల్లులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడిన చెరకులో బరువు లెక్కన దాదాపు 30 శాతం పిప్పిగా మిగులుతుంది, అందులో సగం తేమే. ఆ పిప్పితోనే బాయిలరు కాగి, టర్బైను తిప్పి వచ్చిన ఆవిరే రసాన్ని మరిగిస్తుంది. పాత మిల్లుల్లో బాయిలరు పీడనం 21 బార్ల దగ్గరే ఆగిపోయేది. అది తెలియనితనం కాదు. మిగులు కరెంటును కొనేవాడు లేనప్పుడు పిప్పిని పొదుపు చేస్తే అది కుప్పగా పేరుకుంటుంది, దాన్ని వదిలించుకోవడం మరో ఖర్చు. కాబట్టి బాయిలరుకు పిప్పిని తగలబెట్టే పని కూడా అప్పగించారు. 1990లలో మిగులు కొనుగోలుకు దారి తెరుచుకున్నాక అదే పిప్పితో 67, 87, 110 బార్ల బాయిలర్లు నడిచాయి. ఇంధనం మారలేదు, దాన్ని పొదుపుగా కాల్చడానికి కారణం దొరికింది. విశాఖ ఉక్కు కర్మాగారం మరో రకం ఉదాహరణ. మొదటి దశలో దాని సొంత సామర్థ్యం 286.5 మెగావాట్లు. అందులో 247.5 థర్మల్. 24 మెగావాట్లు బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి పీడనంతో వచ్చే వాయువు తిప్పే టర్బైన్లవి. మరో 15 ఎర్రగా కాలిన కోకును నీళ్లు చల్లకుండా నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో పుట్టించిన ఆవిరివి. ఈ 39 మెగావాట్లు చిన్న అంకెలా కనిపించవచ్చు. కానీ వీటికోసం విడిగా బొగ్గు కాల్చలేదు. తర్వాత ఇదే కర్మాగారంలో ఫర్నేస్ వాయువుతో నడిచే 120 మెగావాట్ల కేంద్రం వచ్చింది.

సొంత ఉత్పత్తి మీద రెండు అభ్యంతరాలున్నాయి. పెద్ద కేంద్రమే చవక, సమర్థం అన్నది మొదటిది. కరెంటు ఒక్కటే కావాలనుకుంటే ఆ మాట నిజం. చిన్న బొగ్గు యూనిట్ పెట్టి కండెన్సర్‌లో వేడిని పారబోసే పరిశ్రమ, టారిఫ్ తప్పించుకుంటోందే గాని ఇంధనం పొదుపు చేయడం లేదు. కాని ఆ వేడిని పనిలో పెట్టే ఫ్యాక్టరీతో పెద్ద కేంద్రం పోటీపడలేదు. ఆ పెద్ద కేంద్రం వేడిలో సగానికి పైగా చల్లార్చడానికే పోతుంది. రెండో అభ్యంతరం బరువైనది. ఎక్కువ ధర చెల్లించే పరిశ్రమలు పక్కకు తప్పుకుంటే విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) భారం చిన్న వినియోగదారుల నెత్తిన పడుతుంది. 2003 చట్టం సొంత వాడకానికి, ఇతరుల రాయితీ భారాన్ని పంచే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి మినహాయించడంతో ఈ వాదనకు మరింత బలం వచ్చింది. అయితే భారం పడుతుందని అన్ని ప్లాంట్లనూ ఒకే గాటన కట్టడం సరికాదు. అలాగని గ్రిడ్ అండ ఉచితంగా దొరకాలనీ కాదు. గ్రిడ్‌కు అనుసంధానమై నడిచే సొంత ప్లాంట్లు ఆ అండకు రుసుం కట్టాలని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2002లో ఆదేశించింది. దానిమీద సాగిన వివాదంలో 2019లో సుప్రీంకోర్టు ఆ రుసుమును సమర్థించింది. నా దృష్టిలో న్యాయం ఆ వైపే ఉంది, రుసుం ఎంతుండాలన్నదే తేల్చుకోవలసింది. ఫర్నేస్ ఆగిన రోజు వాయువూ ఆగుతుంది, టర్బైనూ ఆగుతుంది. సరిగ్గా ఆ పూటే ఫ్యాక్టరీ పంపులకూ క్రేన్లకూ గ్రిడ్ కరెంటు కావాలి.