అనుమానం... పెనుభూతం!

బల్లికి మనవాళ్లిచ్చినంత ప్రాముఖ్యం మరే ప్రాణికీ ఇవ్వలేదనుకుంటాను. ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే, రాశిఫలాల తర్వాత చాలామంది కళ్లు పోయేది బల్లిపాటు ఫలితాల మీదికే. తలమీద పడితే ఒకటి, భుజంమీద పడితే ఒకటి, ఆడవాళ్లకొక తీరు, మగవాళ్లకొక తీరు! కంచి వరదరాజస్వామి గుడికి వెళ్లినవాళ్లు బంగారుబల్లినీ వెండిబల్లినీ తాకితేగాని యాత్ర పూర్తయిందనుకోరు. అంతటి బల్లి కాస్తా పప్పుగిన్నెలో పడిందా... ఇల్లంతా ఒకటే గగ్గోలు. "అమ్మో, విషం!"

ఆ పప్పు పారబొయ్యాల్సిందే, సందేహం లేదు. బల్లి ఒంట్లో ఉండే క్రిములవల్ల వాంతులూ విరేచనాలూ పట్టుకోవచ్చు. అయితే ఆ తప్పు క్రిములది, విషానిది కాదు. ఇంట్లో తిరిగే బల్లికి విషం లేదు. ఆ మాటకొస్తే, మనిషి ప్రాణం తీసే విషబల్లి మన దేశంలో ఒక్కటంటే ఒక్కటీ లేదు.

మరి ఇంత భయం ఎక్కడిదంటారా? ఇది ఈనాటిది కాదు. ఉత్తరాదిన 'బిస్ కోబ్రా' అని ఒక బల్లి ఉందనీ, అది కరిస్తే మనిషి నీళ్లయినా అడగడనీ తరతరాలుగా చెప్పుకున్నారు. 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో ఆ మాటకూ చోటు దొరికింది. దొరికింది గాని, అలాంటి గుణాలున్న బల్లి ఈ దేశంలో లేనే లేదని పక్కనే రాశారు. పేరుంది, భయముంది... బల్లి మాత్రం లేదు!

విషమేదో, విషం కానిదేదో తేల్చుకునే పని మన తెలుగునేల మీద ఒకాయన చేశాడు. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చి, పాముల్ని పోగుచేసి, వాటి కోరలు పరీక్షించి, ఇక్కడివాళ్లు పిలిచే తెలుగు పేర్లతో సహా రాసుకుని 1796లో పుస్తకం వేశాడు. మనవాళ్ల 'బంగారు పాము' అనే పేరే తర్వాత కట్లపాముల జాతికి 'బంగారస్' అనే శాస్త్రనామమై కూర్చుంది. పామును చూసి పరుగెత్తడం కాదు, నోరు తెరిచి పళ్లు చూడాలన్నది ఆయన పద్ధతి.

సరిగ్గా ఆ పళ్ల దగ్గరే, సముద్రాల కవతల, ఒక నిజమైన విషబల్లి కథ మొదలైంది.

అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో ఒక బల్లి ఉంది. జానెడు పిల్ల కాదు, మూరెడుంటుంది. నల్లపూసలూ పగడాలూ కలిపి గుచ్చి ఒంటినిండా కప్పుకున్నట్టుంటుంది. అక్కడి నది పేరుమీద దాన్ని 'హీలా మాన్‌స్టర్' అంటారు. అంటే హీలా భూతమన్నమాట. 1869లో కోప్ అనే శాస్త్రజ్ఞుడు దాని పళ్లమీద సన్నని గాళ్లున్నాయని గమనించి, విషం దిగడానికే అయివుంటాయని ఊహించి 'హెలోడెర్మా సస్పెక్టమ్' అని పేరుపెట్టాడు. సస్పెక్టమ్ అంటే 'అనుమానానికి గురైనది' అని! నేరం రుజువు కాకముందే ముద్ర పడిపోయింది, పాపం. మన ఆడవాళ్లకిది వింతగా తోచదు లెండి.

1882లో సర్ జాన్ లబ్బక్ ఒకదాన్ని లండన్ జంతుప్రదర్శనశాలకిచ్చాడు. అది కరిచిన గినీపిగ్ నిమిషాల్లో చచ్చిపోయింది. అనుమానం నిజమైంది... ఇక చూస్కోండి, దాని మీద కథలే కథలు! 1890లో ఒక పేరున్న పత్రిక, ఆ బల్లి తన ఊపిరిలోని దుర్గంధంతోనే చిన్న ప్రాణుల్ని పడగొడుతుందని కూడా రాసింది. ఈ కథలు నమ్మని డాక్టర్ జార్జ్ గుడ్‌ఫెలో, 1891లో కావాలనే తన వేలిని దానిచేత కరిపించుకున్నాడు. అయిదు రోజులు మంచాన పడి, లేచి కూర్చున్నాడు.

విషముంది, నిజమే. అది కింది దవడలో ఊరుతుంది. పాములా ఒక్క కాటుతో దింపలేదు. పట్టుకుని నమలాలి. మనం ఉడుముపట్టు అంటామే, అలాంటి పట్టు దానిది. 2024లో కొలరాడోలో ఒకాయన తాను పెంచుకున్న బల్లి కరిచి చనిపోయాడు. దాదాపు వందేళ్లలో అలాంటి మరణం అదొక్కటే.

ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో ఇవాళ మన తెలుగు కుటుంబాలు బోలెడు. అక్కడున్నంత మాత్రాన ఈ బల్లి కనబడుతుందనుకోకండి. ఏడాదిలో తొంభై పాళ్లు పైచిలుకు కాలం బొరియలోనే గడుపుతుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది కనక నాలుగైదు సార్లు కడుపునిండా తింటే ఏడాది వెళ్లిపోతుంది. చూడాలంటే వసంతంలో ఉదయం పూటో, వేసవి వానలు పడ్డ సాయంత్రమో రాళ్లగుట్టల పక్కన ఓపిగ్గా నడవాలి. కనిపిస్తే దూరంగా నిలబడి చూసి రావాలి. 1952లోనే ఆరిజోనా దాన్ని చట్టంతో కాపాడింది.

కాపాడబట్టి ఏం ఒరిగిందో చూడండి. 1992లో న్యూయార్క్ డాక్టర్ జాన్ ఎంగ్ ఆ బల్లి విషంలో ఒక పదార్థాన్ని కనిపెట్టాడు. మనం అన్నం తినగానే పేగుల్లో ఒక హార్మోను పుట్టి, ఇన్సులిన్ వదలమని క్లోమానికి కబురు చెబుతుంది. పాపం, అది రెండు నిమిషాల్లో చెదిరిపోతుంది. బల్లి విషంలోనిదీ అదే కబురు చెబుతుంది, పైగా గంటల తరబడి నిలుస్తుంది! దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, 2005లో అమెరికాలో షుగరు వ్యాధికి మందుగా అనుమతించారు. ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్న షుగరు, బరువు ఇంజెక్షన్లు ఆ దారిలో వచ్చిన తోబుట్టువులే. మన దేశంలో పదికోట్ల మందికి పైగా షుగరుందని 2023లో లెక్క తేలింది. ఆ వ్యాధి లేని ఇల్లు మన వీధిలో ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

హైదరాబాదులో అడిక్‌మెట్ వైపు వెళితే ఈ కథంతా నాకు ఒక్కచోట కనిపిస్తుంది. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం తర్వాత ఆ బండరాళ్ల నేలకు చేరింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. ఒకపక్క ఏం తినాలో, ఎంత తినాలో చెప్పే శాస్త్రజ్ఞులు... మరోపక్క రాతిమీద ఎండ కాగుతూ తలాడించే తొండ! మగతొండ గొంతు ఎర్రబడితే రక్తం పీలుస్తోందంటూ పిల్లలు రాళ్లు విసురుతారు. అది పెళ్లికొడుకు ముస్తాబని వాళ్లకెవరు చెబుతారు?

ఉడుము గతి ఇంకా అన్యాయం. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని చంపకూడదంటుంది. అయినా 'హత్తాజోడీ' అనే వేరు పూజలో పెడితే సిరి కలుగుతుందని అమ్మిన వస్తువు, నిజానికి మగ ఉడుము జననాంగాన్ని ఎండబెట్టిందేనని 2017లో బయటపడింది. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉన్నా, కొనేది మన ఇళ్లలోవాళ్లే కనక చెప్పక తప్పదు.

అనుమానం పెనుభూతమన్నారు పెద్దలు. ఆ ఎడారి బల్లికి భూతమనే పేరూ ఉంది, అనుమానమనే పేరూ ఉంది. అయినా దాని నోరు తెరిచి చూసినవాళ్లుండబట్టి అందులో మందు దొరికింది. చీపురు పట్టుకునే ముందు మనం కూడా కాస్త ఆగుదామా? గోడమీది బల్లి రాత్రంతా మన దోమల్నీ పురుగుల్నీ తినిపెడుతోంది. పప్పుగిన్నె మీద మూత పెట్టుకుంటే చాలు... మనకూ దానికీ పేచీ ఉండదు.