చికున్‌గున్యా కీళ్ళనొప్పులకు మెదడు విద్యుత్ ప్రేరణ

చికున్‌గున్యా జ్వరం తగ్గినా నెలల తరబడి, కొందరిలో ఏళ్ళ తరబడి వదలని కీళ్ళనొప్పులను మందులు లేకుండా, తల మీద నుంచి స్వల్ప విద్యుత్తును పంపి తగ్గించే ప్రయత్నమిది. ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లలో ఒకదాన్ని కదలికలను నడిపే మెదడు భాగానికి పైన, రెండోదాన్ని అవతలి వైపు నుదుటి మీద అమర్చి, సాధారణంగా 2 మిల్లీ ఆంపియర్ల కరెంటును 20 నిమిషాలు పంపుతారు. ఆ చోట చర్మం చిమచిమలాడుతుంది, కాస్త ఎర్రబడుతుంది. ఈ చికిత్స వైరస్ మీద పోరాటం కాదు, నొప్పి మీద పోరాటం. దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

నొప్పికి విద్యుత్తును వాడటం కొత్తేమీ కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, గౌట్ రోగిని తడి ఒడ్డున నిలబెట్టి, షాక్ కొట్టే బతికున్న టార్పెడో చేపను పాదం కింద ఉంచి, కాలు మోకాలి దాకా తిమ్మిరెక్కేవరకూ కదలవద్దన్నాడు. అయితే ఆ చేప పని చేసింది పాదం మీద. మెదడు వైపు దృష్టి మళ్ళడానికి నొప్పి గురించిన అవగాహనే మారాల్సి వచ్చింది. దెబ్బ తగిలాక వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించడం మొదలుపెడతాయని 1983లో నాడీశాస్త్రవేత్త క్లిఫోర్డ్ వూల్ఫ్ చూపాడు. గోరంత సంకేతాన్ని నాడీవ్యవస్థే కొండంత చేస్తుందన్నమాట. 1991లో జపాన్ శస్త్రవైద్యుడు త్సుబోకావా, పక్షవాతం తర్వాత మిగిలే మొండి నొప్పికి మెదడు చలన ప్రాంతంపై ఎలక్ట్రోడ్లు అమర్చి ఫలితం చూపాడు. 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో పరిశోధకులు నిట్షే, పౌలుస్, పుర్రె తెరవకుండానే తల మీద నుంచి స్వల్ప కరెంటు పంపితే, అది ఆపాక కూడా నిమిషాల పాటు ఆ ప్రాంతపు స్పందన మారి ఉంటుందని నిరూపించారు. 2006లో పరిశోధకుడు ఫ్రెగ్ని బృందం ఈ పద్ధతిని వెన్నుపాము గాయాల నొప్పికీ, ఒళ్ళంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియాకూ వాడి చూసింది.

చికున్‌గున్యా కథ వేరే దారిలో నడిచింది. 1952-53లో టాంగన్యికాలో (నేటి టాంజానియా) గుర్తించిన ఈ జబ్బు 1960లలో భారత్‌కు వచ్చి, తర్వాత చాలాకాలం సద్దుమణిగింది. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ తలెత్తింది. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు 13 లక్షలు దాటాయి. జ్వరం దిగిన వారాలకు కూడా పొద్దున్నే చెంబు పట్టుకోవడానికి వేళ్ళు ముడుచుకోని రోగులు ఊరూరా ఉండేవారు. 2014లో బ్రెజిల్‌లో ప్రవేశించిన వైరస్ అక్కడా అదే బాధ మిగిల్చింది. అక్కడి పరిశోధకులు దీర్ఘకాలిక రోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి నిజమైన కరెంటు, మరొకదానికి ఉత్తుత్తి కరెంటు ఇచ్చి చూశారు. మొదటి వర్గంలో నొప్పి చెప్పుకోదగినంత తగ్గిందని 2018లో ప్రకటించారు.

కీలు వాచిపోతే మెదడుకు కరెంటు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి రోగి ఒకరి కీలు పొరలో నెలల తర్వాత కూడా వైరస్ ఆనవాళ్ళు దొరికాయి. అలాంటి వాపు ఉన్నచోట వాపును తగ్గించే వైద్యమే ముందు. వాపు తగ్గినా నొప్పి మిగిలే రోగి విషయంలోనే, నాడీవ్యవస్థే నొప్పిని పెంచుతోందన్న వాదానికి బలం. మరో అభ్యంతరం ఇంకాస్త గట్టిది: కరెంటులో చాలా భాగం చర్మం, పుర్రె మీదుగానే పక్కకు పోతుందని మృతదేహాలపై చేసిన కొలతలు చెప్పాయి. అయితే ఈ పద్ధతి నాడీకణాల చేత బలవంతంగా సంకేతాలు పంపించదు, వాటి మొగ్గును మాత్రమే కాస్త మారుస్తుంది కాబట్టి చేరే కొద్దిపాటి విద్యుత్తు అందుకు చాలవచ్చు. చర్మం చురుక్కుమనడాన్ని బట్టి రోగి నిజమైన కరెంటును పసిగట్టే ప్రమాదాన్ని మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. ఉత్తుత్తి చికిత్సలో మొదట కొన్ని సెకన్లు కరెంటు ఇచ్చి ఆపేయడం ఆ లోటును పూర్తిగా పూడ్చదు. వివిధ దీర్ఘకాలిక నొప్పులపై జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్ష, ఉపశమనం సగటున 17 శాతమేననీ, ఆధారాల నాణ్యత తక్కువేననీ తేల్చింది. ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగి కడుపు, మూత్రపిండాలు పాడుచేసుకునే రోగికి ఆ కొంచెం కూడా తీసిపారేయదగింది కాదు. ఆ సమీక్ష లెక్క మాత్రం స్వల్పకాలిక ఉపశమనానిదే.