సముద్రము దాటిన మాట

దూరముననున్న ఆప్తులకు వార్త నందింపవలెనన్న కోరిక మానవునికి అనాదిగా నున్నది. కాళిదాసుని యక్షుడు మేఘమును వేడుకొనెను. దమయంతికడకు నలుని పక్షమున హంస పోయెను. లంకకు హనుమంతుడు పోయెను. ఈ మూడింటిలో నేటి ప్రస్తావనకు దగ్గరది మూడవది. ఏలయన, హనుమంతుడు మాటను మాత్రమే గాక రాముని ఉంగరమును గూడ వెంటగొనిపోయెను. ఆ ఆనవాలును చూచిన పిదపనే గదా సీతకు పూర్తిగా నమ్మకము కలిగినది! పరాయినేలపై మాట చెల్లవలెనన్నచో ఆనవాలు కావలెను. ఇంటి సెల్‌ఫోనుతో విదేశమునకు పోవువారి కథ యంతయు ఈ ఆనవాలు కథయే.

పందొమ్మిదవ శతాబ్దమున తెలుగువారు మారిషసు చెరకుతోటలకును, బర్మా రేవులకును కూలికి తరలిపోయిరి. 1860 నవంబరులో మద్రాసునుండి పోయిన 'ట్రూరో' అను ఓడ డర్బను రేవు చేరెను. అక్షరము రాని కూలివాడు అక్కడ ఒకనిచే జాబు వ్రాయించుకొనవలెను. ఇక్కడ అతని తల్లి మరియొకనిచే చదివించుకొనవలెను. గుట్టుగా చెప్పవలసిన మాట ఇద్దరు పరాయివారి చెవిని పడినగాని గమ్యము చేరదు. 1870లో బొంబాయినుండి సముద్రగర్భమున తంతి వేయబడి ఇంగ్లండుతో సంబంధము కుదిరెను. కాని తంతికి మాటల లెక్కను సుంకము. కావున చావుకబురులు, అత్యవసరములు తప్ప సామాన్యులు తంతి నిచ్చెడివారు కారు. తంతి వచ్చినదనగానే విప్పకమునుపే ఇంట ఏడ్పు మొదలగుట పల్లెలలో పెద్దలెరిగిన సంగతియే. ఆ తంతి సేవ 2013 జులైలో మనదేశమున ముగిసెను.

1970 తరువాత గల్ఫు దేశముల చమురు సంపద తెలంగాణ పల్లెలనుండి వేలమందిని ఆకర్షించెను. జాబు వ్రాయలేనివారు తమ మాటలను క్యాసెట్టులో నింపి, ఊరికి వచ్చువారిచేతికిచ్చి పంపెడివారు. తరువాత ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూతులు వీధివీధిని వెలసెను. బిల్లు చూపు యంత్రముపై అంకెలు పరుగెత్తుచుండ, కన్ను దానిపై నుంచి మాటలాడవలసి వచ్చెడిది. క్షేమమడుగుటకే పైకము చాలనివారికి మనసు విప్పుట ఎక్కడిది?

1991 జులై 1న ఫిన్లాండులో జీఎస్‌ఎం అను పద్ధతిని మొదటి సెల్‌ఫోను మాట సాగినది. మరుసటి సంవత్సరమే ఫిన్లాండు సంస్థ యొకటియు, బ్రిటనులోని వొడాఫోనును ఒడంబడిక చేసికొని, ఒకరి ఖాతాదారుకు మరియొకరు తమ దేశమున సేవ యందించుట కంగీకరించిరి. రోమింగునకు ఇది నాంది. మనదేశమున 1995 జులై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మొదటి సెల్‌ఫోను సంభాషణ జరిపెను. 2003 వరకు మనయొద్ద వచ్చిన ఫోనుకు సైతము రుసుము చెల్లింపవలసి యుండెను.

రోమింగు పనితీరు తెలిసినగాని దాని ఖర్చు అర్థము కాదు. సిమ్ అను చిన్న బిళ్ళలో ఒక గుర్తుసంఖ్య యుండును. దాని మొదటి మూడంకెలు దేశమును తెలుపును; 404, 405 అనునవి భారతదేశమునకు చెందినవి. దుబాయిలో ఫోను తెరచినవెంటనే అచ్చటి సంస్థ ఆ అంకెలను చూచి, భారతదేశములోని స్వంత సంస్థను 'ఈతడు మీవాడేనా' యని విచారించును. ఔనని జవాబు వచ్చినపిదపనే సేవ మొదలగును. ఇదియే నేటి ముద్రిక.

ఇక లెక్కకు వత్తము. మాడుగులపల్లిలోని తల్లి, దుబాయిలో రోమింగుపైనున్న కుమారుని భారతదేశపు నంబరునకు ఫోను చేసినదనుకొందము. ఆమె మాట ముందు మనదేశములోని సంస్థకు చేరి, అక్కడనుండి దుబాయికి పోవును. తల్లి లెక్కలో అది స్వదేశపు ఫోనే. సముద్రము దాటిన ఖర్చు కుమారుని పద్దున పడును. ఇంతకన్న వింత మరియొకటి గలదు. దుబాయిలో ఒకే గదియందున్న ఇద్దరు తమ భారతదేశపు సిమ్ములతో ఒకరికొకరు ఫోను చేసికొన్నచో, ఆ మాట ఇంటికి వచ్చి తిరిగి అదే గదికి పోవును. ఇద్దరికిని ఖర్చే. ఇంటర్నెట్టు సంగతి మరింత మోసకరము. యజమాని నిద్రించుచున్నను ఫోను తనంతట తానే బొమ్మలను, సందేశములను తెచ్చుకొనుచుండును. ఐరోపా సమాఖ్య 2017 జూన్ 15నుండి తన సభ్యదేశముల మధ్య అదనపు రుసుమును తొలగించెను. సముద్రము దాటిన మనవారికి అట్టి వెసులుబాటు లేదు. ముందుగా రోమింగు పథకము కొనవలసినదే.

వై-ఫై మూలమున వాట్సాపులో ముఖములు చూచుకొనుచు మాటలాడ వీలైన ఈ దినములలో ఇంటి సిమ్ము ఎందులకని అడుగవచ్చును. మాటకొరకు గాదు, ఆనవాలుకొరకే. 2009 ఆగష్టునుండి ఇంటర్నెట్టులో కార్డుతో చేయు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు అదనపు ధ్రువీకరణమును తప్పనిసరి చేసెను. అందులకు వచ్చు ఓటీపీ నమోదైన నంబరునకే చేరును. ఇక్కడి బ్యాంకులో ధనమున్నను, అక్కడ ఆ నంబరు లేనిచో అది పెట్టెలో నుండి తాళపుచెవి పోయిన సొమ్మువంటిదే. 2023 జనవరిలో యూపీఐ సంస్థ అమెరికా, సౌదీ అరేబియా మున్నగు పది దేశముల నంబరులతో ప్రవాసుల ప్రత్యేక ఖాతాలను అనుసంధించుట కనుమతించినది. కాని ఆ సౌకర్యము అన్ని పనులను తీర్చజాలదు.

కావున ప్రయాణమునకు మునుపు మూడు పనులు చేయవలెను. ఓటీపీ సందేశములు విదేశమున చేరుటకు రోమింగు తెరచియున్నదా యని సంస్థ నడుగవలెను. రోమింగులో ఇంటర్నెట్టును ఆపివేయవలెను. ఇంటి నంబరు గడువు తీరకుండ సకాలమున రీచార్జి చేయు భారమును ఇంటివారిలో ఒకరికి అప్పగింపవలెను. తొంబది దినములు ఏ వాడుకయు లేని నంబరును సంస్థలు తొలగింపవచ్చును. కొంతకాలమునకు అది వేరొకని చేతికి పోవును. తాతలకాలమున ఊరు విడిచినవాడు తిరిగివచ్చుటకు ఇల్లు నిలిచియుండిన చాలును. నేడు ఇంటితోబాటు నంబరును గూడ నిలుపుకొనవలసి యున్నది.