పొరుగు రాజ్యం – మన మక్కువ, మన కోపం



పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయిని వెంటబెట్టుకుని హైదరాబాదు వెళ్లొచ్చాను. సాలార్జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, చార్మినార్ అన్నీ చూపించాను. వచ్చేటప్పుడు జగ్గయ్యపేటలో మా అమ్మమ్మ దగ్గర ఒక పూట ఆగాం. అమ్మమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. మా పిల్ల ఊరుకుంటుందా? ఆ గడియారం, ఆ షాండ్లియర్లు, ఆ ముత్యాలు అంటూ ఏకధాటిగా చెబుతోంది. అమ్మమ్మ చేట పక్కన పెట్టి, “గొప్పేలేవే మీ నిజాం! పదేళ్ల పిల్లని, నన్ను రాత్రికి రాత్రి బండెక్కించింది ఎవరనుకున్నావ్?” అంది.

పిల్ల బిక్కమొహం వేసింది. కాసేపాగి నా చెవి దగ్గర, “అయితే అమ్మా, చార్మినార్ బాగుందనకూడదా?” అని అడిగింది.

అప్పటికి ఏదో సర్దిచెప్పాను గాని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ మీతో ఆ సంగతే ముచ్చటిద్దామని.

మన నందిగామ, జగ్గయ్యపేట వాళ్లకి నిజాం రాజ్యం ఎక్కడో దూరాన ఉన్న దేశం కాదండీ. గరికపాడు దాటితే కోదాడ. 1948 దాకా అది పరాయి ప్రభుత్వం. అక్కడ నాణెం వేరు, కచేరీ భాష వేరు, చట్టం వేరు. అంతెందుకు, నందిగామ నుంచి బెజవాడ వెళ్తుంటే పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపిస్తుందే, ఆ పరిటాల కూడా నిజాందే. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయినా, వజ్రాల గనులున్న ఆ కాసిని ఊళ్లనీ నిజాం వదులుకోలేదు. చుట్టూరా ఇంగ్లీషు రాజ్యం, మధ్యలో నిజాం ముక్క! 1947లో దేశమంతా జెండా ఎగరేస్తే పరిటాల వాళ్లకి స్వతంత్రం రాలేదు. వాళ్లూరుకోలేదు. మాకు నిజాం పాలన వద్దు, మాది రిపబ్లిక్కు అని తామే ప్రకటించుకున్నారు.

ముందు మంచి చెప్పుకుందాం. 1908లో మూసీ వరదకి వేలమంది కొట్టుకుపోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి, పైచదువులు ఇంగ్లీషులోనే చెప్పాలా, మన దేశభాషలో చెప్పలేమా అని ఉర్దూలో చెప్పి చూపించారు. అజంతా గుహల్లో బొమ్మలు పాడైపోతుంటే ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించి బాగుచేయించారు. ఇంకా వెనక్కి వెళ్తే గోలకొండ కుతుబ్‌షాహీలున్నారు. ఇబ్రహీం కుతుబ్‌షాని మన కవులు ‘మల్కిభరాముడు’ అని మురిపెంగా పిలుచుకున్నారు. అచ్చతెనుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది ఆ గోలకొండ సర్దారు అమీన్‌ఖాన్‌కే. ఇవన్నీ కాదనగలమా?

ఇక రెండో సంగతి. ఉర్దూలో చదువు చెప్పడం గొప్పే. కాని ఆ రాజ్యంలో జనం ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు. వాళ్ల పిల్లల మాటేమిటి? ఇంగ్లీషు పెత్తనం తీసి ఇంకో పెత్తనం పెట్టినట్టేగా? సభ పెట్టుకోవాలంటే ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక ఉత్తర్వు అడ్డం. పల్లెల్లో వెట్టి. అధికారి ఊళ్లోకి వస్తే ఉత్తపుణ్యాన కోళ్లు, నెయ్యి, కట్టెలు ఇవ్వాలి. ఆడవాళ్లు కూలి లేకుండా వడ్లు దంచాలి. దొరల గడీల్లో ‘ఆడబాప’లని, పెళ్లికూతురితోబాటు అరణంగా పంపిన దాసీ పిల్లలు. వాళ్ల బతుకు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఈ రెంటినీ కలిపి ఎలా చూడాలో మనకు చూపించినాయన మన నందిగామ తాలూకావారే. మాడపాటి హనుమంతరావుగారు. 1885లో పొక్కునూరులో పుట్టారు. చిన్నప్పుడే నిజాం రాజ్యానికి వెళ్లి ఉర్దూ, పారశీకం క్షుణ్ణంగా నేర్చారు. ప్రేమ్‌చంద్ కథల్ని తెలుగు చేశారు. ఆ భాష మీద, ఆ మర్యాదల మీద ఆయనకు ఎంతో మక్కువ.

1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కార సభ జరిగింది. పూనా నుంచి మహర్షి కార్వేగారు వచ్చి అధ్యక్షత వహించారు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీలలో మాట్లాడితే అందరూ విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మొదలెట్టేసరికి అల్లరి, ఎగతాళి! ఆ అవమానంతోనే అప్పటికప్పుడు ఆంధ్ర జనసంఘం పుట్టింది. దాన్ని పెంచి పోషించింది మాడపాటివారు. వెట్టి మీద కరపత్రాలు రాశారు, ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1928లో ఆడపిల్లలకి తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. ఉస్మానియా వారి గుర్తింపు రాకపోతే, పూనాలో కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయం నుంచి గుర్తింపు తెచ్చుకున్నారు. చూశారా, ఉర్దూని ప్రేమించిన మనిషే తెలుగు కోసం పోరాడాడు. ఆయన ఉర్దూ మీద కోపం తెచ్చుకోలేదు. ఉర్దూ పేరు చెప్పి తెలుగు నోరు నొక్కినవాళ్ల మీద తెచ్చుకున్నాడు.

ఇంకో మాట. రజాకార్లు 1948 ఆగస్టులో షోయబుల్లాఖాన్‌ని చంపారు. ఆయన ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు, ముస్లిం. హైదరాబాదు ఇండియాలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. నిజాంకి ఎదురు నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవే. మరి ఉర్దూ ఎవరిదండీ, నిజాందా, వీళ్లదా?

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ఒక దళం బెజవాడ వైపు నుంచి మన రోడ్డు మీదుగానే కోదాడ, సూర్యాపేటలకు సాగింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తరవాత జరిగిందీ దాచకూడదు. కొన్ని జిల్లాల్లో పాపం పుణ్యం ఎరగని ముస్లిములు వేలమంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీయే ఆ సంగతి రాసింది. పాలకుడి తప్పుని ప్రజల నెత్తిన రుద్దితే ఇంతే అవుతుంది.

రవీంద్రనాథ్ టాగోరు 1916లో జపాను వెళ్లి, వాళ్ల సౌందర్యదృష్టిని కళ్లారా మెచ్చుకున్నారు. ఆ జపానులోనే నిలబడి, మీ జాతీయ దురభిమానం మంచిది కాదని చెప్పారు. ఇంటికొచ్చిన అతిథి ఇలా అంటాడేమిటని వాళ్లలో కొందరికి నచ్చలేదు. అయినా ఆయన ఒకటి చెప్పి రెండోది మింగెయ్యలేదు.

మనం ఇంట్లో పద్దులు రాస్తాం కదా. పాలవాడి లెక్క పాలవాడిదే, చాకలి లెక్క చాకలిదే. పాలు చిక్కగా పోశాడు కదా అని చాకలి పోగొట్టిన చీర మర్చిపోం. చెరువు తవ్వించాడు కాబట్టి వెట్టి మాట ఎత్తొద్దనడం అలాంటిదే. వెట్టి చేయించాడు కాబట్టి చెరువు నీళ్లు చేదన్నా అంతే. పైగా చెరువు తవ్విన చేతులు, చార్మినార్ చెక్కిన చేతులు రాజువి కావు. వాళ్ల పనితనాన్ని మెచ్చుకుంటే రాజుకి మనం కితాబిచ్చినట్టెందుకవుతుంది?

ఇదే మాట ఆ రాత్రి అమ్మమ్మతో మెల్లిగా అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత పిల్లని దగ్గరికి తీసుకుని, అంతవరకూ మాకెవ్వరికీ చెప్పని సంగతి చెప్పింది. వాళ్లు బండి కట్టిన రాత్రి పక్కింటి సాయిబుగారి భార్య జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చిందట. పాడిగేదెని తన కొట్టంలో కట్టేసుకుని, ఏడాది తరవాత దూడతో సహా అప్పజెప్పిందట. “ఆమెని తిట్టలేను. వాళ్లని క్షమించలేను” అంది అమ్మమ్మ.

అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. నేను ఇంతసేపు చెప్పింది ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది.

అందుకని అమ్మలారా, ఈసారి ఆ రోడ్డున హైదరాబాదు వెళ్తున్నప్పుడు పరిటాల దగ్గర, గరికపాడు దగ్గర పిల్లలకి ఆ ఊళ్ల కథ చెప్పండి. చార్మినార్ దగ్గర తనివితీరా చూడనివ్వండి. బాగుంది అంటే బాగుందనండి. వెట్టి సంగతి, షోయబుల్లాఖాన్ సంగతి కూడా అక్కడే చెప్పండి. పిల్లలు తట్టుకోలేరని మనం అనుకుంటాం గాని, మా అమ్మాయి ఆ రాత్రి పడుకోబోతూ అడిగింది ఒక్కటే: “దూడ పేరేంటి ముత్తమ్మా?”

సెలవు.