బరువు తగ్గించే సూది మందు: వేసుకునే రోజుల్లోనే మారాల్సిన ఇంటి అలవాట్లు

బరువు తగ్గడానికి వారానికి ఒకసారి వేసుకునే సూది మందుల గురించి ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడా మాట్లాడుకుంటున్నారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశ మార్కెట్‌లోకి వచ్చాయి. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, వెగోవీలో ఉండేది సెమాగ్లుటైడ్. వచ్చిన కొత్తలో మౌంజారో అతి చిన్న డోసు సీసా 3,500 రూపాయలు. నెలకు నాలుగు కావాలి కాబట్టి 14,000 ఖర్చు. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ గడువు తీరడంతో దేశీ కంపెనీలకు దారి తెరుచుకుంది. ధర దిగే కొద్దీ ఈ మందు హైదరాబాద్, విజయవాడ ఆస్పత్రులు దాటి చీరాల, వాడరేవు లాంటి చోట్లకూ చేరుతుంది. దానితో పాటు రావాల్సింది ఇంకొకటి ఉంది. వారం వారం వెంట ఉండి అడిగే మనిషి. అది లేకుండా మందు ఒక్కటే కొంటే ఆ డబ్బులో చాలా భాగం నీళ్లలో పోసినట్టే.

మందు చేసే పని, చేయని పని

అన్నం తిన్నాక మన పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పేది అదే. ఈ మందులు ఆ హార్మోన్‌లాగే పనిచేస్తాయి, కానీ శరీరంలో రోజుల తరబడి ఉంటాయి. ఆకలి తగ్గుతుంది. కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి కొంచెం తినగానే చాలనిపిస్తుంది.

2021లో వెలువడిన స్టెప్-1 పరిశోధనలో 1,961 మంది పాల్గొన్నారు. సెమాగ్లుటైడ్ వేసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. ఉత్తుత్తి సూది వేసుకున్నవారు 2.4 శాతం తగ్గారు. 80 కిలోల మనిషికి లెక్క వేస్తే 12 కిలోలు. టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాల్లో సుమారు 21 శాతం తగ్గినట్టు 2022లో తేలింది.

ఇంతవరకు అందరూ చెప్పేదే. తర్వాత జరిగింది మాత్రం చాలామంది చెప్పరు. స్టెప్-1లో మందు ఆపేసిన కొందరిని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. అది వాళ్ల బద్ధకం కాదు. మందు పోగానే ఆకలి పాత స్థాయికి వచ్చింది, ఇంట్లో పాత గిన్నె, పాత కంచం అలాగే ఉన్నాయి. ఆకలిని మందు అణిచిపెట్టగలదు గానీ అలవాటును మార్చలేదు.

మన మైదానంలో బరువు ఎందుకు పెరిగింది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, 31.1 శాతం పురుషులు అధిక బరువుతో గానీ ఊబకాయంతో గానీ ఉన్నారు. ఇది ఒక తరంలో వచ్చిన మార్పు. గుంటూరు, ప్రకాశం పత్తి నేలల్లో తెలుగు మాట్లాడే నూర్‌బాష కుటుంబాల తరతరాల వృత్తి దూది ఏకడం. బరువైన విల్లు పట్టుకుని గంటల కొద్దీ చేసే పని అది, భుజాలు, నడుము అన్నీ కదిలేవి. ఏకుడు యంత్రాలు వచ్చాక విల్లు అటకెక్కింది. ఇప్పుడు అదే ఇళ్లలోని వాళ్లు పరుపుల షాపులో కూర్చుంటున్నారు, ఆటో నడుపుతున్నారు, కుట్టుమిషన్ తొక్కడం పోయి మోటారు పెట్టుకున్నారు. పని మారింది, కంచంలో అన్నం మాత్రం తగ్గలేదు.

ఆ అన్నం కూడా మన దగ్గరిదే. దేశమంతా ఇష్టపడే బీపీటీ 5204 సాంబ మసూరి పుట్టింది వాడరేవుకు దగ్గర్లోని బాపట్లలో, 1986లో. సన్నగా, తెల్లగా ఉంటుంది, ఎంత తిన్నా తెలియకుండా లోపలికి పోతుంది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు దాన్నే మెరుగుపరిచి తెచ్చిన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుంది, అంటే రక్తంలో చక్కెర కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది. దొరికితే మంచిదే. కానీ ‘షుగర్ బియ్యం’ అని చెప్పి మూడుసార్లు వడ్డించుకుంటే ఏ బియ్యమైనా ఒకటే.

ఎవరికి ఈ మందు

భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బరువు కోసం ఈ సూదులు మామూలుగా బీఎంఐ 30 దాటినవారికి, లేదా 27 దాటి షుగరు, బీపీ లాంటివి ఉన్నవారికి రాస్తారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ 65 కిలోల దగ్గర 27కు, 72 కిలోల దగ్గర 30కి వస్తుంది. 58 కిలోల అమ్మాయికి నిఖా ఫొటోల్లో సన్నగా కనపడాలని ఈ మందు వేయించడం తప్పు.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందులు వాడకూడదు. పిల్లల కోసం ప్రయత్నించేవారు సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. పీసీఓడీ ఉన్నవారికి బరువు తగ్గగానే నెలసరి సర్దుకుని అనుకోకుండా గర్భం రావచ్చు. టిర్జెపటైడ్ వేసుకునేటప్పుడు గర్భనిరోధక మాత్రల పనితనం కూడా తగ్గుతుంది. కొత్త కోడలికి సూది వేయించే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడానికి మొహమాటపడినా, డాక్టరుకు మాత్రం ఈ విషయం తప్పకుండా చెప్పాలి. మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవారికి ఈ మందులు పనికిరావు. పాంక్రియాస్ వాపు వచ్చి తగ్గినవారు ముందే చెప్పుకోవాలి.

కోచింగ్ అంటే ఏమిటి, ఎవరు చేస్తారు

2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊబకాయానికి ఈ మందులపై తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్దవాళ్లకు దీర్ఘకాలం వాడవచ్చని, దానితో పాటు తిండి, వ్యాయామం మీద గట్టి శిక్షణ కూడా ఇవ్వవచ్చని అందులో ఉంది. నిజాయితీగా చెప్పాలంటే, మందు నడుస్తున్నప్పుడు కోచింగ్ వల్ల అదనంగా తగ్గే కిలోలు పెద్దగా ఉండవు. 30 సార్లు కౌన్సెలింగ్ ఇచ్చిన స్టెప్-3 పరిశోధనలో తగ్గింది 16 శాతం, మామూలు సలహాతో సరిపెట్టిన స్టెప్-1 కంటే ఒక్క శాతమే ఎక్కువ. అందుకే ‘సూది ఉండగా ఈ నడకలెందుకు’ అనే ప్రశ్న వస్తుంది.

జవాబు మందు ఆపాక తెలుస్తుంది. డెన్మార్క్‌లో ఇదే కుటుంబానికి చెందిన లిరాగ్లుటైడ్‌తో ఒక పరిశోధన చేశారు. ఏడాది పాటు కొందరికి మందు ఒక్కటే, కొందరికి మందుతో పాటు వ్యాయామం. రెండూ ఆపేసిన ఏడాది తర్వాత చూస్తే, వ్యాయామం చేసినవారికి బరువు తక్కువగా తిరిగొచ్చింది.

కోచ్ అనగానే టై కట్టుకున్న మనిషిని ఊహించుకోనక్కర్లేదు. 2006లో చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిపై చేసిన పరిశోధనలో, తిండి-నడక సలహాను పదే పదే గుర్తు చేయడంతో షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలో 26.4 శాతం తగ్గింది. 2013లో అదే బృందం మగవాళ్లకు ఫోనులో మెసేజీలు పంపి చూసింది. రెండేళ్లలో మెసేజీలు అందినవారిలో 18 శాతం మందికి, అందనివారిలో 27 శాతం మందికి షుగరు వచ్చింది. ఫోనులో ఒక మెసేజీకి ఇంత బలం ఉందంటే, ఇంట్లో కాలేజీ చదివే కూతురు వారం వారం అమ్మీ బరువు, నడుము కొలత రాసిపెట్టి ‘ఈ వారం ఎన్ని రోజులు నడిచావు’ అని అడగడం ఎంత పనిచేస్తుందో ఊహించవచ్చు. ఊళ్లోని ఆశా కార్యకర్త, ఏఎన్ఎం దగ్గర బీపీ, షుగరు చూపించుకోవచ్చు. ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టరుతో మాట్లాడవచ్చు.

2017-18లో వీరమాచనేని రామకృష్ణ కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ తెలుగు జిల్లాలను ఊపేసింది గుర్తుండే ఉంటుంది. తగ్గినవాళ్లు ఉన్నారు, మానేశాక పెరిగినవాళ్లూ ఉన్నారు. డాక్టర్ల అభ్యంతరాలు అలా ఉంచితే, ఆ సభలకు జనం పోవడానికి ఒక కారణం ఉంది. ‘ఎంత తగ్గావు’ అని అడిగేవాళ్లు పక్కన ఉండడం. డైట్ పోయినా ఆ ఒక్క పద్ధతి నిలుపుకోదగినది.

కంచం, కండ

ఆకలి లేని రోజుల్లో పెద్ద ప్రమాదం ఏమీ తినకపోవడమే. టీ, రెండు బిస్కెట్లు, సాయంత్రం పెరుగన్నంతో సరిపెడితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పరిశోధనల్లో తగ్గిన బరువులో నాలుగో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా కండలాంటి కొవ్వు కాని భాగమే. పెద్ద వయసువాళ్లకు ఇది కాళ్లలో బలం పోవడంగా తెలుస్తుంది. కాబట్టి కంచంలో మొదట ప్రోటీన్ తినాలి, తర్వాత కూర, చివర అన్నం.

ఈ విషయంలో వాడరేవు వాళ్లకు కొదవ లేదు. పడవ దిగిన కానాగంతలు, నెత్తళ్లు పులుసు పెట్టుకుంటే చాలు, వంజరం కొనాల్సిన పని లేదు. ఎండుచేపల్లో మాత్రం ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవారు తగ్గించుకోవాలి. గుడ్లు, కందిపప్పు, శనగలు, పెరుగు ఎలాగూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది. బిర్యానీ మానేయనక్కర్లేదు. దావత్‌లో ఒక్కసారే, చిన్న పళ్లెంలో, ముక్కలు ఎక్కువ అన్నం తక్కువ పెట్టించుకుంటే సరిపోతుంది. అయితే ‘ఇంకొక్క గరిటె, మా చేతి వంట తినవా’ అనే బలవంతం ముందు ఏ సూదీ పనిచేయదు, మొదట ఆపాల్సింది ఆ బలవంతమే. మందు వేసుకున్న రోజుల్లో నూనె ఎక్కువైన తిండి బలవంతంగా తింటే వాంతులు కూడా అవుతాయి.

నడకకు తెల్లవారుజామున ఫజర్ నమాజ్ తర్వాత సమయం బాగుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు మెత్తటి ఇసుకలో కాకుండా అల తడిపిన గట్టి ఇసుకలో నడవాలి. ఆదివారాలు జనం ఎక్కువ కాబట్టి మహిళలు డాబా మీదైనా నడవవచ్చు, నలుగురు కలిస్తే ఇంకా మేలు. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా పదేసి సార్లు లేవడం, నీళ్ల సీసాలు ఎత్తడం చేస్తే కండ నిలుస్తుంది.

రంజాన్, హలాల్ సందేహాలు

2027లో రంజాన్ నెలవంకను బట్టి ఫిబ్రవరి 8, 9 ప్రాంతంలో మొదలవుతుంది. రోజా ఉండాలనుకునేవారు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. కొత్తగా సూది మొదలుపెట్టడం, డోసు పెంచడం ఆ నెలలో వద్దు. వాంతులతో ఒంట్లో నీరు పోతే పగలంతా నీళ్లు తాగకుండా ఉండడం కిడ్నీలకు మంచిది కాదు. గ్లిమెపిరైడ్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ కూడా వాడుతుంటే షుగరు పడిపోవచ్చు, వాటి డోసు తగ్గించాల్సి రావచ్చు. పోషకం కాని ఇంజెక్షన్‌తో రోజా భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో తీర్మానించింది. ఇది వారానికి ఒక్కటే కాబట్టి ఇఫ్తార్ తర్వాత వేసుకుంటే సందేహమే ఉండదు. సహరీలో గుడ్లు, పప్పు, పెరుగు ఉండాలి. ఇఫ్తార్‌లో మిరపకాయ బజ్జీలు, సమోసాలతో మొదలుపెడితే కడుపు ఉబ్బి రాత్రంతా ఇబ్బంది.

సెమాగ్లుటైడ్‌ను ఈస్ట్ ద్వారా తయారుచేస్తారు, టిర్జెపటైడ్ రసాయనికంగా తయారవుతుంది. ఒకప్పటి ఇన్సులిన్‌లాగా పంది క్లోమం నుంచి తీసేవి కావు. బరువు కోసం అమ్మే క్యాప్సూళ్ల జెలటిన్ సంగతి వేరు, అది దేని నుంచి వచ్చిందో అడిగి తీసుకోవాలి.

జాగ్రత్తలు, ఆపే పద్ధతి

వికారం, మలబద్ధకం, విరేచనాలు మొదటి వారాల్లో ఎక్కువ, డోసు పెంచినప్పుడు మళ్లీ వస్తాయి. అందుకే సెమాగ్లుటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగేసి వారాలకు పెంచుతారు. తొందరగా తగ్గాలని సొంతంగా పెంచుకోకూడదు. వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడడం ఉంటే చీరాల ఏరియా ఆస్పత్రికో, దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికో వెంటనే వెళ్లాలి. మందును ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌కు ఆనించకూడదు. గడ్డకడితే పారేయాల్సిందే. డాక్టరు చీటీ, బిల్లు లేకుండా ఎవరో తెచ్చి ఇచ్చిన పెన్ను ఎంత చౌకైనా కొనకూడదు.

డబ్బు అయిపోయిందని ఒక్కరోజులో ఆపేయడం కంటే, మొదటి నెలలోనే ఎంతకాలం కొనగలరో డాక్టరుతో తేల్చుకోవడం మంచిది. ఆపే ముందు రెండు మూడు నెలలు నడక, కంచం, బరువు పుస్తకం తప్పకుండా సాగాలి. ఆపాక కూడా వారానికోసారి అదే రోజు, అదే కాటా మీద బరువు చూసుకోవాలి. రెండు మూడు కిలోలు పెరిగినట్టు కనిపిస్తే పది కిలోలు అయ్యేదాకా ఆగకుండా అప్పుడే డాక్టరును మళ్లీ కలవాలి.