మిరప బస్తా దాటిన హద్దులు

మన మాచర్ల లైను గురించి ప్రత్యేక సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు కార్యదర్శిగారు. ఆవిరి ఇంజన్ల ముచ్చట్లు అందరూ రాస్తారు. నేను గూడ్సు క్లర్కుని, బస్తా సంగతి రాస్తాను.

నేను 1965లో చేరేనాటికి మన లైను దక్షిణ రైల్వేలోది, మీటరుగేజి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పల్నాటి మిరపకాయ దూరం పోవాలంటే బ్రాడ్‌గేజి కలిసే జంక్షనులో ఒక వ్యాగన్లోంచి దించి మరో వ్యాగన్లోకి ఎక్కించాలి. ఆ ఘాటుకు హమాలీలు ముక్కుకు తువ్వాలు చుట్టుకునేవారు. ఒకసారి ఎక్కని మూడు బస్తాలను ఎక్కినట్టు టాలీ రాశాను. క్లెయిము పడింది. ఆర్నెల్లు సంజాయిషీలు రాసుకున్నాను. ఇప్పటికీ సంత నుంచి వస్తే మా ఆవిడ "లెక్క చూసుకున్నారా?" అంటుంది.

అదే 1965లో యుద్ధం వచ్చి బెంగాల్లో పెట్రాపోల్, బేనాపోల్ మధ్య రైళ్ళు ఆగాయి. విభజనకు ముందు అది కలకత్తా నుంచి ఖుల్నా పోయే మామూలు దారి. సరకు బళ్ళకు మళ్ళీ తెరుచుకున్నది 2001లో.

ఇక 2020 జూలై. లాక్‌డౌన్‌లో లారీలు కదలక మిరప నిలిచిపోయింది. గూడ్సు రైలు కావాలంటే ఒక్కసారే 1500 టన్నులకు పైగా కూడాలి. చిన్న వ్యాపారి ఎక్కడ తెస్తాడు? అందుకని 500 టన్నుల లోపు సరకుకు పార్శిల్ రైలు వేశారు. గుంటూరు జిల్లా రెడ్డిపాలెంలో 16 వ్యాన్లలో సుమారు 384 టన్నుల ఎండుమిర్చి ఎక్కించి బేనాపోల్ పంపారు. మన దేశపు పార్శిల్ రైలు సరిహద్దు దాటడం అదే మొదలు. రోడ్డున టన్నుకు రూ.7000 దాకా అయ్యేది, దీనికి రూ.4608.

అవతలి వైపు పశ్చిమ బంగ్లాదేశ్‌లోనూ 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజే. బ్రిటిషు వాళ్ళు వేసిన ఒకే పట్టాలు. అందుకే మన వ్యాన్లే నేరుగా పోతాయి. కస్టమ్స్ కాగితాలు రెండు వైపులా కుదరాలి, బళ్ళ తనిఖీ జరగాలి, వ్యాన్లు వాళ్ళ దగ్గరున్నంతకాలం అద్దె లెక్క కట్టాలి. ఇదంతా ఇరువైపుల రైల్వేల ఒప్పందం మీద నడిచే పని. మా రోజుల్లో సొంత జిల్లా సరకుకే అంత సాఫీ లేదు.

మా మనవడు ఈ వార్త ఫోన్లో చదివి వినిపించాడు. "మధ్యలో బస్తా ఎక్కడ దించారు?" అన్నాను.

"ఎక్కడా దించలేదు తాతయ్యా."

మళ్ళీ చదవమన్నాను.