భద్రపరచిన క్వెరీ

భద్రపరచిన క్వెరీ అంటే డేటాబేస్‌ను అడగాల్సిన ప్రశ్నను ఒకసారి రాసి, పేరు పెట్టి దాచుకుని, తరువాతి సెషన్లలో మళ్లీ వాడుకునే ఏర్పాటు. డేటాబేస్‌కు కనెక్ట్ అయినప్పటి నుంచి కనెక్షన్ తెగేదాకా ఒక సెషన్. సాధారణంగా దాచేది ప్రశ్ననే, జవాబును కాదు. అందుకే నిన్నటి క్వెరీని ఇవాళ నడిపితే ఇవాళ్టి డేటా వస్తుంది.

నేపథ్యం

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో డేటాను టేబుల్‌లుగా అమర్చే రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. దాని ఆధారంగా డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో డేటాబేస్‌ను ప్రశ్నించే సీక్వెల్ భాషను ప్రకటించారు. అదే తరువాత, ఇక్కడ చెప్పే క్వెరీలను రాసే ఎస్‌క్యూఎల్ అయింది.

పద్ధతులు

అన్నిటికన్నా తేలిక, క్వెరీని ఫైలుగా సేవ్ చేసుకోవడం. అయితే అది రాసినవారి కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. వ్యూ అంటే పేరుతో డేటాబేస్‌లోనే దాచిన క్వెరీ కాబట్టి అనుమతి ఉన్న ఎవరైనా దాన్ని టేబుల్‌లాగే చదవవచ్చు. తేదీ, ఊరు వంటి విలువలు ప్రతిసారీ మారుతుంటే, వాటిని అందుకుని నడిచేలా డేటాబేస్‌లో దాచే స్టోర్డ్ ప్రొసీజర్ నయం. ముందే సిద్ధం చేసి ఉంచే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కు పేరున్నా, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ వ్యవస్థల్లో అది సెషన్‌తోపాటే పోతుంది. మెటీరియలైజ్డ్ వ్యూ మాత్రం జవాబును కూడా దాస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2013లో వచ్చిన 9.3 వెర్షన్‌తో మొదలైంది. రిఫ్రెష్ చేయకపోతే పాత లెక్కలే చూపిస్తుంది.

శంషాబాద్ ఉదాహరణ

హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది. ‘ఇవాళ శంషాబాద్ నుంచి బయలుదేరే విమానాలు’ అనే క్వెరీని దాచుకున్నామనుకుందాం. విమానయానంలో వాడే ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీ కన్నా భారత కాలమానం ఐదున్నర గంటలు ముందుంటుంది. 10వ తేదీ తెల్లవారుజామున 2:00కు లేచే విమానం యూటీసీలో 9వ తేదీ 20:30కు లేచినట్టు. పోస్ట్‌గ్రెస్‌లో ‘ఇవాళ’ ఏ తేదీయో సెషన్ టైమ్‌జోన్‌ను బట్టి తేలుతుంది. కాబట్టి ఒకే క్వెరీ ఒక సెషన్‌లో ఈ విమానాన్ని 10వ తేదీ జాబితాలో చూపితే, మరో సెషన్‌లో 9వ తేదీ కింద వేస్తుంది. ‘ఏషియా/కోల్‌కతా’ అని టైమ్‌జోన్‌ను క్వెరీలోనే రాసేస్తే ఈ తేడా రాదు.

పాత రికార్డులను వెతికే క్వెరీలో చిక్కు మరో రకం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి 2008 మార్చి 23న వాణిజ్య విమానాలు మొదలయ్యాయి. అంతవరకు నగరంలోని పాత విమానాశ్రయం బేగంపేటకు ఉన్న ‘హెచ్‌వైడీ’ కోడ్ శంషాబాద్‌కు వచ్చింది. బేగంపేటకు ‘బీపీఎం’ ఇచ్చారు. తేదీ హద్దు లేకుండా ‘హెచ్‌వైడీ’ అని మాత్రమే అడిగితే రెండు విమానాశ్రయాల లెక్కలు కలిసిపోతాయి. ఎర్రర్ మాత్రం రాదు.

నిర్వహణ

‘అన్ని కాలమ్‌లు’ అని నక్షత్రం గుర్తుతో వ్యూ తయారుచేస్తే, పోస్ట్‌గ్రెస్ ఆనాటి కాలమ్‌ల పేర్లనే నమోదు చేసుకుంటుంది. తరువాత టేబుల్‌లో చేర్చినవి అందులో కనిపించవు. అందువల్ల కావలసిన కాలమ్‌లను పేరుపేరునా రాయడం మంచిది. క్వెరీ తల మీద రెండు అడ్డగీతలతో మొదలయ్యే వ్యాఖ్యలో ఎవరు, ఎప్పుడు రాశారో, ఏ టైమ్‌జోన్‌కో, ఏ తేదీల మధ్య చెల్లుతుందో రాసి, ఫైలును మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంచితే, ఆ క్వెరీని కొత్తగా అందుకున్నవారు దాన్ని మార్చాలో, అలాగే నడపాలో తేల్చుకోగలరు.